పదో నంబరు ఎవరికండీ?

తుఫాను అనగానే బందరు రేవులో ఫలానా నంబరు ప్రమాదసూచిక ఎగరేశారని వార్త. బాగానే ఉంది. కానీ ఆ నంబర్లు పుట్టింది ఓడలవాళ్ళ కోసం! (ఆ రేవుకి ఓడల రాక ఎప్పుడు తగ్గిందో, అది వేరే కథ.) నాగాయలంక పాకలో ఉన్నవాడికి పదయితేనేం, పదకొండయితేనేం?

1977 నవంబరు 19న దివిసీమకి హెచ్చరిక లేకపోలేదు. తుఫాను అన్నారు. గాలివాన మనవాళ్ళకి కొత్తా? ఇళ్ళలోనే ఉండిపోయారు. వచ్చింది గాలివాన ఒక్కటే కాదు, మూడు నిలువుల సముద్రం. సర్కారు లెక్కలోనే సుమారు 10,000 మంది పోయారు.

1990 మేలో మళ్ళీ అంతటి తుఫానే. ఈసారి నంబరు చెప్పి ఊరుకోలేదు, లక్షకు పైగా జనాన్ని ముందే కదిలించారు. చావులు వెయ్యిలోపు.

మరి 2024 సెప్టెంబరు 1న? బుడమేరు బెజవాడ సింగ్ నగర్‌ని ముంచేనాటికి ఇంటింటా ఫోనే. అయినా మాకెవరూ చెప్పలేదని జనం మొత్తుకున్నారు. "భారీ వర్షాలన్నాం కదా!" అంటారు. అన్నారు లెండి. నీళ్ళు మా వీధికొస్తాయన్నారా?

గంటకిన్ని కిలోమీటర్లన్న లెక్క మీ దగ్గరే ఉంచుకోండి బాబూ. నీళ్ళెంతెత్తు వస్తాయి, ఎన్నింటికి, మా ముసలమ్మని ఎక్కించుకునే లారీ ఏ సందు చివర ఆగుతుంది, అది చెప్పండి.