అక్షరానికి వచ్చే జబ్బులు

అక్షరం అంటే నశించనిది అని మనవారు అర్థం చెప్పారు. ఇరవై ఏళ్ళుగా క్లాసులో నేనూ ఆ అర్థమే చెబుతున్నాను. అయితే ఆ మాట అన్న పెద్దలు తాటాకును చూశారు, రాగిరేకును చూశారు గాని కంప్యూటరును చూడలేదు గదా! తాటాకుకు చెదలు పట్టినట్లే కంప్యూటరులోని అక్షరానికీ కొన్ని జబ్బులు పట్టుకుంటాయి. వాటిని గురించీ, ఇంట్లో చేసుకోదగిన చికిత్సను గురించీ ఈ వారం నాలుగు ముక్కలు మనవి చేస్తాను.

చిలకలూరిపేట వైపు పల్లెలో తెలుగు పండితులుగా పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు నాకు పరిచయస్థులు. పత్తి తీతకూ, మిరపకాయల కోతకూ వచ్చే ఆడకూలీలు పాడుకునే పాటలను ఆయన ఎన్నో ఏళ్ళు చేలగట్ల మీద కూర్చుని వ్రాసుకున్నారు. పాడినవారిలో చాలామంది ఇప్పుడు లేరు. ఇరవై ఏళ్ళ కిందట ఆ పాటలన్నీ ఒక డి.టి.పి. షాపులో టైపు చేయించి సి.డి.లో దాచుకున్నారు. నోటుపుస్తకాలు తరువాత వానకు తడిసి పాడైపోయాయి. మొన్నామధ్య ఆ సి.డి. తెరిపిస్తే తెలుగు అక్షరం ఒక్కటి కనబడలేదు. ఇంగ్లీషు అక్షరాలూ, నెత్తిన చుక్కలూ గీతలూ పెట్టుకున్న వింత గుర్తులూ పేజీలకొద్దీ వచ్చాయి.

"పాటలు పోయినయ్ మాస్టారూ" అన్నారాయన. ఆ ఒక్క మాట అని ఊరుకున్నారు.

మా మేనల్లుడు గుంటూరులో ఉంటూ వెబ్‌సైట్లు తయారుచేస్తుంటాడు. సి.డి. పట్టుకెళ్ళి వాడి ముందు పెట్టాను. కాసేపు చూసి, "పోలేదు మావయ్యా, వేషం మార్చుకున్నయ్, అంతే" అన్నాడు.

విషయమేమంటే, పూర్వం తెలుగు టైపుకు వాడిన ఫాంట్లలో చాలావాటిది ఒక చిత్రమైన ఏర్పాటు. కంప్యూటరు లెక్కలో ఉన్నది ఇంగ్లీషు అక్షరమే. దాని ముఖాన తెలుగు బొమ్మ తగిలించేవారు. తలకట్టు ఒక బొమ్మ, గుడి ఒక బొమ్మ, వత్తు ఒక బొమ్మ. ఆ ఫాంటు ఉన్న కంప్యూటరులో వేషం నిలుస్తుంది. లేనిచోట రంగు కరిగిపోతుంది. పైగా ఏ కంపెనీ ఏర్పాటు ఆ కంపెనీదే.

దీనికి విరుగుడుగా వచ్చినదే యూనికోడ్. 1991లో దాని మొదటి కూర్పు వెలువడినప్పుడే అందులో తెలుగుకు చోటు దొరికింది. మన లిపికి 128 స్థానాలు కేటాయించారు. ఇక్కడ అక్షరానికి ఇచ్చేది బొమ్మ కాదు, సంఖ్య. ఏ దేశంలో ఏ యంత్రం మీద తెరిచినా 'క' సంఖ్య 'క'దే. ఇంకొక విశేషం తెలుగు మాస్టారుగా నాకు మహా ముచ్చటగా తోచింది. అక్షరాలను ఇందులో కంటికి కనబడే వరుసలో గాక, నోటితో పలికే వరుసలో దాస్తారు. 'స్త్రీ' అంటే స, పొల్లు, త, పొల్లు, ర, చివర గుడిదీర్ఘం, వెరసి ఆరు సంఖ్యలు. వాటిని కలిపి ఒద్దికైన రూపం కట్టడం ఫాంటు పని.

మావాడు పాత బొమ్మ ఒక్కొక్కదానికి సరిపోయే యూనికోడ్ సంఖ్యను పట్టికగా వేసుకున్నాడు. వరుస తప్పిన వత్తులను సరిచేసేందుకు చిన్న ప్రోగ్రాము వ్రాశాడు. కొద్ది రోజులలో పాటలు తెలుగులోకి తిరిగివచ్చాయి. కల్లంలో మంచికాయ నుంచి తాలుకాయ ఏరినట్లు పండితులు తప్పులు ఏరుతూ కూర్చున్నారు. కాని కొన్ని చరణాలలో అక్షరాలకు బదులు ప్రశ్నార్థకాలే ఉన్నాయి. వెనుక ఎవరో ఆ భాగాన్ని మరో చోటికి కాపీ చేసినప్పుడు అవి చెడిపోయాయట. ఆయనకు జ్ఞాపకం వచ్చినవి పూరించారు. రానివి ఖాళీగానే వదిలారు; సొంత కవిత్వం కలపలేదు.

ఇంతకూ పాఠకులు గుర్తుంచుకోవలసిన జబ్బులు మూడు.

మొదటిది చదరపు పెట్టెలు. తెలుగు ఉండవలసిన చోట వరుసగా పెట్టెలు కనబడితే భయపడనక్కరలేదు. అక్షరం క్షేమంగానే ఉన్నది, ఫాంటు లేదు. తెలుగు ఫాంటు వేసుకుంటే నయమవుతుంది. సిలికానాంధ్ర వారు ఉచితంగా అందించిన ఫాంట్లలో పెద్దన, తిమ్మన, ధూర్జటి మొదలైన కవుల పేర్లు గలవి ఉన్నాయి. మన తెనాలి రామకృష్ణుడు కూడా ఉన్నాడు.

రెండవది వింత గుర్తులు. ఇది పాత ఫాంటు వల్ల కావచ్చు, యూనికోడ్ ఫైలునే యంత్రం మరో పద్ధతిలో చదవడం వల్ల కావచ్చు. చాలావరకు కుదిరే జబ్బే. అయితే ఆ ఫైలును దిద్ది, అదే పేరుతో మళ్ళీ సేవ్ చేయకండి. అసలును అలాగే ఉంచి, నకలు మీద వైద్యం చేయించండి.

మూడవది ప్రశ్నార్థకాలు. అన్నిటిలోకి చెడ్డది ఇదే. అక్షరం సంఖ్య పోయి, దాని స్థానంలో ప్రశ్నార్థకం సంఖ్యే కూర్చున్నది. ఏ ప్రోగ్రామూ దానిని వెనక్కు తేలేదు. అసలు ప్రతి ఎక్కడైనా మిగిలిందేమో వెదుక్కోవలసిందే.

వెబ్‌సైట్లు తయారుచేసే కుర్రవాళ్ళు మన ఇళ్ళల్లో ఇప్పుడు తక్కువేమీ లేరు. వారికీ రెండు మాటలు. దరఖాస్తులో పేరుకు పన్నెండు అక్షరాలు చాలునని గడి కట్టకండి. 'వేంకటేశ్వర్లు' మనం పలికితే అయిదు అక్షరాలు. కంప్యూటరు లెక్కలో పదమూడు. గడి చాలక చివరి కొమ్ము తెగితే ఆ పెద్దమనిషి వేంకటేశ్వర్ల అయి కూర్చుంటాడు. అలాగే ఇంగ్లీషుకు సరిపోయే పంక్తుల ఎడం తెలుగుకు చాలదు. పైన గుడులు, కింద వత్తులు ఉన్న లిపి మనది, కాస్త చోటివ్వండి. మామూలు ఎస్.ఎం.ఎస్. ఒకటి ఇంగ్లీషులో 160 అక్షరాలు పడితే, తెలుగులో 70 సంఖ్యలే పడుతుంది. తెలుగు సందేశం క్లుప్తంగా వ్రాయండి గాని, ఆ వంకతో తెలుగు మానకండి.

ఇవన్నీ చిన్న విషయాలు కాబోలు అనుకునేవారికి ఒక సంగతి. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే మన అక్షరం, మధ్య కంటికి కనబడని ఒక గుర్తుతో కలిసి సందేశంగా వస్తే, ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలిపోయేవి. ఆపిల్ కంపెనీవారు అదే నెల 19వ తేదీన 11.2.6 అనే సవరణ విడుదల చేయవలసి వచ్చింది. జ్ఞానానికి మొదటి అక్షరం అంత పని చేసిందంటే, తెలుగును పరీక్షించి చూసుకోవడం ఎంత అవసరమో వేరే చెప్పాలా?

చివరగా గృహస్థులకు ఒక మనవి. మీ ఇంట కూడా ఏ బీరువాలోనో నాన్నగారి వ్యాసాలో, అమ్మ చెప్పి వ్రాయించిన మంగళహారతులో ఉన్న సి.డి. ఉండి ఉంటుంది. ఈ ఆదివారం దానిని తెరిపించండి. పాత ఫాంటులో ఉంటే యూనికోడ్‌లోకి మార్పించి, మూడు నకళ్ళు చేయించండి. ఒకటి కంప్యూటరులో, ఒకటి పెన్‌డ్రైవులో, మూడవది వేరే ఊళ్ళో ఉన్న కూతురి దగ్గరో కొడుకు దగ్గరో ఉంచండి. తప్పులు చూడడానికి, ఆ మాటలు ఎరిగిన పెద్దవారిని పక్కన కూర్చోబెట్టుకోండి. వారు ఉండగానే ఆ పని కావాలి.