పనికొచ్చే చదువు మొదటి సెమిస్టర్‌లోనే మొదలవ్వాలి



డిగ్రీ ఫైనలియర్ పిల్లల్ని కాలేజీలో ఏం నేర్చుకున్నారని అడిగి చూడండి. "ఇక్కడ సర్టిఫికెట్ వస్తుంది, పని అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో నేర్చుకుంటాం" అనేవాళ్లే ఎక్కువ. వాళ్లను తప్పుపట్టడం అన్యాయం. మనం చూపించిన కాలేజీ చదువే అలాంటిది. మొదటి రెండేళ్లూ హాజరు, ఇంటర్నల్స్, ఇంపార్టెంట్ క్వశ్చన్లు. ఆఖరి ఏడాదిలో బయటి ట్రైనర్లు వచ్చి ఆప్టిట్యూడ్, గ్రూప్ డిస్కషన్, రెజ్యూమె అంటూ కొద్ది రోజులు హడావుడి చేసి వెళ్తారు. చదువు వేరు, బతుకుదెరువు వేరు అని పిల్లలకు నేర్పింది ఆ టైంటేబులే.

కెమిస్ట్రీ రికార్డు సంగతే తీసుకోండి. సీనియర్ రికార్డు తెచ్చి, బ్యూరెట్ రీడింగులతో సహా దించేస్తారు. సంతకం పడుతుంది, మార్కులూ పడతాయి. రేపు ఫార్మా కంపెనీ ఇంటర్వ్యూలో "రెండు రీడింగులు కలవకపోతే ఏం చేశావు?" అని అడిగితే నోరు పెగలదు. తన చేత్తో టైట్రేషన్ చేసి, వచ్చిన తేడాను ఉన్నదున్నట్టు రాసి, కారణం లెక్చరర్‌తో చర్చించిన విద్యార్థికి ఆ ప్రశ్నంటే భయం ఉండదు. సబ్జెక్టు, నైపుణ్యం రెండూ ఆ ఒక్క పేజీలోనే ఉన్నాయి.

ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి డిగ్రీలో స్కిల్ కోర్సులు, 10 నెలల ఇంటర్న్‌షిప్ పెట్టారు. తెలంగాణ 2024లో స్కిల్ యూనివర్సిటీకి చట్టమే చేసింది. సంతోషం. అయితే నైపుణ్యాన్ని విడి పేపరు చేస్తే దానికీ గైడు వస్తుంది, ఇంటర్న్‌షిప్ రిపోర్టునూ పాత ఫైలు చూసి దించేస్తారు.

అందుకే కాలేజీలను అడుగుతున్నాం: మొదటి సెమిస్టర్‌లో ప్రతి సబ్జెక్టుకూ వారానికి ఒక పీరియడు కేటాయించండి. నోట్సు ఎలా రాసుకోవాలో, లైబ్రరీ పుస్తకంలో కావాల్సిన పేజీ ఎలా పట్టుకోవాలో, చదివింది ఐదు నిమిషాలు నిలబడి ఎలా చెప్పాలో ఆ సబ్జెక్టు లెక్చరరే నేర్పాలి. తెలుగు మీడియం పిల్లలను ముందు తెలుగులోనే మాట్లాడనివ్వండి. ఇంగ్లిష్ రాదని మొదటి నెలలో నోరు కట్టేసుకున్న పిల్ల మూడేళ్లూ ఆఖరి బెంచీ వదలదు.

సిలబస్ అవదంటారేమో. డిక్టేషన్‌కు పోయే గంటలు తగ్గించండి, అవుతుంది. పీరియడ్ లెక్కన జీతం తీసుకునే గెస్ట్ లెక్చరర్లకు మాత్రం, రికార్డులు కూర్చుని దిద్దే సమయానికీ డబ్బు కట్టివ్వాలి. ఉచితంగా చేయమనడం దోపిడీ.

అటానమస్ కాలేజీల్లో సిలబస్ ఖరారు చేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో పూర్వ విద్యార్థికి, పరిశ్రమ ప్రతినిధికి కూడా స్థానం ఉంది. మీ కాలేజీలో వాళ్లెవరో కనుక్కోండి. వచ్చే సమావేశంలో ఈ వారానికో పీరియడు అంశాన్ని ఎజెండాలో పెట్టించమని అర్జీ రాసి, మీ పేర్లతో సంతకాలు చేసి వాళ్ల చేతికివ్వండి.