కోర్టు పోతది, గోడలుంటయి

మూసీ ఒడ్డున ఉన్న హైకోర్టును చూడని హైదరాబాదీ ఉండడు. 1920 ఏప్రిల్‌లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ దాన్ని ప్రారంభించారు. రాజేంద్రనగర్‌లో 100 ఎకరాల్లో కొత్త హైకోర్టుకు 2024 మార్చి 27న శంకుస్థాపన జరిగింది. కోర్టు అక్కడికి తరలినాక ఈ భవనం ఏం కావాలె? ఇది న్యాయమూర్తులు, ఇంజినీర్లు మాత్రమే తేల్చే ముచ్చట కాదు. మనందరిది.

ఈ కప్పు కింద ఎన్ని బోర్డులు మారినయో చూడండి. మొదట నిజాం రాజ్యపు కోర్టు. 1956 నుంచి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు. 2014 తర్వాత రెండు రాష్ట్రాల ఉమ్మడి కోర్టు. రాష్ట్రం వచ్చినా మన హైకోర్టు మనకు దక్కడానికి 2019 జనవరి 1 దాకా ఆగాల్సి వచ్చింది.

బోర్డుల కథ ఒకటైతే తీర్పుల కథ ఇంకొకటి. 1972 ఫిబ్రవరిలో ముల్కీ నిబంధనలు చెల్లవని చెప్పింది ఇక్కడే. అదే అక్టోబర్ 3న సుప్రీంకోర్టు చెల్లుతాయన్నది. 1973లో పార్లమెంటు ఆ నిబంధనలనే రద్దు చేసింది. 2010లో న్యాయాధికారుల పదవుల్లో 42 శాతం వాటా కోసం మన వకీళ్లు దీక్షకు కూర్చున్నదీ ఈ ఆవరణలోనే. కొలువుల కొట్లాట ఈ గోడలకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు?

అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఒక పాత కోర్టు ఉన్నది. దాని మెట్ల మీద బానిసలను వేలం వేశారు. లోపల డ్రెడ్ స్కాట్ అనే బానిస తనకు స్వేచ్ఛ కావాలని దావా వేస్తే 1850లో జ్యూరీ ఇచ్చింది. 1857లో దేశ సుప్రీంకోర్టు కాదన్నది. 1930లో కోర్టులు అక్కడి నుంచి వెళ్లిపోయినయి. ఇప్పుడది మ్యూజియం. ఆ వేలం, ఆ దావా రెండూ అక్కడ చెప్తరు. సిగ్గుపడాల్సింది దాచలేదు.

కింది కోర్టులకు గదులు చాలుతలేవు, ఈ భవనం వాటికే ఇవ్వాలనే వాళ్ల మాటలోనూ న్యాయం ఉన్నది. కొన్ని గదులు ఇవ్వండి. కానీ 2009 అగ్నిప్రమాదంలో ఇక్కడి గ్రంథాలయం ఎంత నష్టపోయిందో మరువొద్దు. మిగిలిన పాత ఉర్దూ కాగితాలు, ముల్కీ కేసుల ఫైళ్లు విద్యార్థులు వచ్చి చదువుకునేటట్టు ఒక భాగంలో పెట్టాలె. గెలిచిన తీర్పుతోపాటు ఓడిన తీర్పునూ పెట్టాలె. హోటల్‌కో, ఫంక్షన్ హాల్‌కో ఇస్తే రాళ్లు మిగులుతయి, మన కథ మిగలదు.

తాళం చెవులు చేతులు మారకముందే అడగాలె. మారినాక అడిగితే వినేవాడు ఉండడు.