షకర్‌ఖోరా వాలే కొమ్మ

మందార మొక్క మీద వేలెడంత పిట్ట తళుక్కున మెరిస్తే చాలు, 'అదిగో హమ్మింగ్‌బర్డ్!' అంటారు పిల్లలు. టీవీలో చూసింది దాన్నే మరి! నిజానికి హమ్మింగ్‌బర్డ్‌లు అమెరికా ఖండాల్లో తప్ప మరెక్కడా ఉండవు. మన పెరట్లోకి వచ్చేది తేనెపిట్ట. పాతబస్తీ ఉర్దూలో దాని పేరు షకర్‌ఖోరా... చక్కెర తినేదని అర్థం. ఈ రెండు పిట్టలకీ దగ్గరి చుట్టరికం లేదు. పూలతేనె తాగే అలవాటే రెండింటికీ సన్నని పొడవాటి ముక్కునిచ్చింది.

మొక్కలు పెంచేవారు గుర్తుంచుకోవాల్సిన తేడా ఒకటుంది. హమ్మింగ్‌బర్డ్ గాల్లో నిలబడే తేనె తాగుతుంది. తేనెపిట్ట కూడా కాసేపు అలా నిలబడగలదు కానీ, ఎక్కువగా కొమ్మ మీద కూర్చునే తాగుతుంది. కాబట్టి పువ్వు ఎంత అందంగా ఉన్నా, పక్కన కాలు ఆనించేందుకు గట్టి పుల్ల ఉండాలి.

ఎండల్లోనే అసలు అవసరం

హైదరాబాద్‌లో వానలో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే పడిపోతుంది. ఆ తర్వాత నెలల తరబడి నేల పొడిగానే ఉంటుంది. ఊదా తేనెపిట్ట గూడు కట్టేది ఎక్కువగా వానలకు ముందు, ఆ ఎండల్లోనే! ఒకప్పుడు పాతబస్తీ ఇళ్ల మధ్య వాకిట్లో దానిమ్మో మందారమో ఉండేది. దేవిడీలు పోయి అంతస్తులు లేచాక వాకిళ్లు కరిగిపోయాయి. శాలిబండలోనైనా, మొఘల్‌పురాలోనైనా ఇప్పుడు పిట్టకు మిగిలింది డాబా మీది కుండీలే. అందుకే మొక్కను ఎంచుకునేటప్పుడు పువ్వు రంగుతో పాటు అది ఏ నెలలో పూస్తుందో కూడా అడగాలి.

ఈ లెక్క మన అడవి చెట్లకు ముందే తెలుసు. మోదుగ, బూరుగ, బాడిద... ఆకు రాల్చి, ఎండలు మొదలయ్యే వేళ ఎర్రగా పూస్తాయి. మోదుగకైతే తేనెపిట్టతో విడదీయరాని బంధం. చాలా పక్షులు ఆ పూల మీద వాలినా, పుప్పొడిని సరిగ్గా చేరవేసే పక్షి ఊదా తేనెపిట్ట ఒక్కటేనని 2003లో వెలువడిన ఒక అధ్యయనం చెప్పింది. అదే పిట్ట, తోటల్లోని కొన్ని పొడవాటి గొట్టం పూల దగ్గర మొదట్లోనే చిల్లు పొడిచి తేనె దొంగిలిస్తుంది. అప్పుడు పుప్పొడి దాని తలకు అంటదు.

ఈ చెట్లు ఇళ్లలో పట్టవు. బడి ఆవరణలు, దర్గాలు, శ్మశానాల ప్రహరీల వెంట, మీరాలం చెరువు చుట్టుపక్కల ఖాళీ చోట్లు వీటికి తగినవి.

డాబా మీదికి ఏవి?

అడ్డసరం: చలికాలం చివరి నుంచి తెల్లగా పూస్తుంది. కొమ్మ ముక్క గుచ్చినా నాటుకుంటుంది. నీళ్లు ఒకరోజు తప్పినా తట్టుకుంటుంది. గల్లీల్లో తిరిగే మేకలు దీని జోలికి రావు!

ధాతకి: రాళ్ల గుట్టల మీద పెరిగే పొద. ఎండలు ముదిరేలోపు కొమ్మ పొడవునా ఎర్రని చిన్న గొట్టాల్లాంటి పూలు వేలాడతాయి. పెద్ద కుండీ లేదా సగానికి కోసిన డ్రమ్ము కావాలి.

నూలితాడ: వానాకాలం నుంచి పూస్తుంది. పువ్వు ఎర్రగా విచ్చుకుని, ముదిరేకొద్దీ నీలి బూడిద రంగుకు తిరుగుతుంది.

దానిమ్మ: పడమటి నుంచి వచ్చిన పాత చుట్టం. ఏడాదిలో పలుమార్లు పూస్తుంది. కాయా, పిట్టా రెండూ దక్కుతాయి.

ఇంట్లో ఇప్పటికే మందారం ఉంటే మరీ మంచిది. ముద్ద మందారం కన్నా ఒంటిరెక్క మందారంలో తేనె దగ్గరికి దారి తెరిచి ఉంటుంది. తంగేడు మన పువ్వే అయినా అందులో తేనె ఉండదు, పుప్పొడే. దాని మీద తిరిగే పురుగులే పిట్టకు అక్కరకొస్తాయి.

అడవి జాతి మొక్కలు మామూలు నర్సరీల్లో దొరక్కపోతే అటవీశాఖ నర్సరీల్లో అడిగి చూడొచ్చు. తొలకరికి నాటితే, ఎండలు వచ్చేసరికి వేళ్లు నిలదొక్కుకుంటాయి.

మందు కొట్టకండి

తేనెపిట్ట తాను తేనె తాగినా, పిల్లలకు పెట్టేది ఎక్కువగా పురుగులు, సాలీళ్లే. మొక్క మీద పురుగుమందు చల్లితే పిల్లల నోటి దగ్గరి కూడు తీసేసినట్టే. వేలాడే గూడును ఆడపిట్ట సాలెగూడు దారాలతోనే అల్లుతుంది. కాబట్టి డాబా మీద ఒక మూల బూజు దులపకుండా వదిలేయండి. గూడు కనిపిస్తే, పిల్లలు ఎగిరిపోయేదాకా ఆ కుండీని కదపొద్దు. సీసాలో చక్కెర నీళ్లు వేలాడదీయడం కన్నా పూలే మేలు. ఎండలో ఆ నీళ్లు త్వరగా పులిసిపోతాయి.

షకర్‌ఖోరాకు దేవుడు చక్కెర ఇస్తూనే ఉంటాడని ఉర్దూలో ఓ సామెత. వాకిళ్లు పోయిన బస్తీలో ఆ చక్కెర దొరకాలంటే ప్రతి డాబా మీదా రెండు కుండీలైనా ఉండాలి... ఒకటి చలికాలానికి, ఒకటి ఎండాకాలానికి.