ముసురుకు చాలు, కుంభవృష్టికి చాలదు

అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంవారు 2011లో ఇరవై అయిదేళ్ళ ప్రణాళిక ఒకటి చేపట్టారు. వీధుల పక్క పల్లంగా తవ్వి, కంకర, మన్ను పోసి, చెట్లు నాటి, వాననీటిని అందులోకి మళ్ళించడం. ఒక్కొక్క గుంట ఎంత వానను పట్టాలని నిర్ణయించారో తెలుసునా? మొదటి అంగుళం!

ఇంతేనా అని పెదవి విరవకండి. తుంపర, జల్లు, ముసురు, జడివాన, కుంభవృష్టి అని మన భాషలో ఇన్ని మాటలు ఊరికే పుట్టలేదు. ఏడాదిలో వచ్చే వానల్లో ఎక్కువభాగం చిన్నవే. రోడ్డుమీది నూనెను, టైర్ల పొడిని, చెత్తను కడిగి వాగులో కలిపేది ముఖ్యంగా ఆ మొదటి నీరే. సిమెంటుమీద పడ్డ జల్లు నిమిషాల్లో నాలాకు చేరి గట్లు కోసుకుంటూ పోతుంది. మట్టిలో ఇంకినది నింపాదిగా, చల్లగా, కొంత తేటపడి వాగుకు చేరుతుంది. పైగా ఫిలడెల్ఫియాలో సగానికి మించిన ప్రాంతంలో మురుగుకూ వాననీటికీ ఒకటే గొట్టం. గట్టివాన వస్తే అది పట్టక మురుగు నదిలోకి పొర్లుతుంది. అంగుళం ఆపినా ఆ పొర్లు తగ్గినట్టే.

ఈ సంగతే చెబుతూ, మా కాలనీ పార్కులో అటువంటి గుంటలు తవ్వుదామన్నాను. ఒక పెద్దాయన, "2020 అక్టోబరు వానను ఆపుతాయటండీ మాస్టారూ?" అన్నారు.

ఆపవు. ఆనాడు హైదరాబాదులో ఒక్కరోజున పడింది దాదాపు 19 సెంటీమీటర్లు, అంటే ఏడున్నర అంగుళాలు. కుంభవృష్టి సంగతి మూసీని అడగాలి. 1908 సెప్టెంబరు వరదనాటికి దాని ఎగువ ప్రాంతంలో 788 చెరువులుండేవని విశ్వేశ్వరయ్యగారు లెక్క తేల్చారు. ఇంచుమించు చదరపు మైలుకొకటి! మామూలు వానలను బుద్ధిగా పట్టిన చెరువులే. ఆ వానకు 221 తెగాయి. పైచెరువు తెగి కిందిచెరువుమీద పడి, ఉన్న నీరంతా వరదలో కలిసింది. అందుకే ఆయన ఊరికి ఎగువన పెద్ద జలాశయాలు కట్టాలన్నారు. ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. పెద్దవి వచ్చాయి గదా అని ఆ తరువాత మనవాళ్ళు ఎన్నో చిన్న కుంటలను పూడ్చి ఇళ్ళు కట్టేశారు. ఇది మాత్రం విశ్వేశ్వరయ్యగారు చెప్పలేదు.

అలాగని గుంటలు తవ్వితే మూసీ బాగుపడుతుందనే మాట కూడా నేను నమ్మను. వాన లేని రోజున వచ్చిపడే మురుగుకు గుంట ఏం చేస్తుంది? దానికి శుద్ధికేంద్రాలు కావలసిందే.

అన్నిటికంటే చిక్కు పూడిక. ఒండ్రూ ప్లాస్టిక్ సంచులూ చేరితే నీరు ఇంకదు. రెండు మూడు రోజులకు మించి నిలిస్తే దోమలకు పురిటిల్లవుతుంది. పూర్వం చెరువు పూడికను రైతులు బండ్లకెత్తుకుని పొలాలకు తోలుకునేవారు. పట్నంలో ఆ మన్ను ఎవరికి కావాలి? తవ్వేవారు ఏటా మృగశిర రాకముందే పూడిక తీసేందుకు కూలి డబ్బు కూడా కేటాయించుకోవాలి.