బయానా ఇచ్చేశాం కదా అని...

అన్నవరంలో నేనెరిగిన ఓ సోదరుడు ఇంటికి బయానా ఇచ్చి రెండేళ్ళు కావస్తోంది. ఇంకా రిజిస్ట్రేషన్ కాలేదు. "మాస్టారూ! వదులుకోమంటారా, ఆగమంటారా?" అని మొన్న జుమా నమాజు తర్వాత అడిగాడు.

ముందు చిక్కు ఎలాంటిదో చూడాలి. వారసుల్లో ఒకరి సంతకమో, కొలతల్లో తేడానో అయితే కొత్త గడువు కాగితం మీద రాయించుకుని ఆగవచ్చు. బాకీల లావాదేవీలను రాసుకోమని దివ్యఖుర్ఆన్ (2:282) ఆదేశించింది కదా! ఒప్పందంలోని గడువు దాటాక, దాని అమలు కోరుతూ దావా వేయడానికి చట్టం ఇచ్చేది 3 ఏళ్ళే.

చిక్కు హక్కులోనే ఉంటే? రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ సెక్షన్ కింద ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫ్ భూములను నిషేధ జాబితాలో పెడతారు. మన సోదరుని ఇంటి సర్వే నంబరు అందులోనే ఉందట! పొరపాటున చేరిందని అమ్మేవారంటే, తొలగించిన ఉత్తర్వు వారే తేవాలి. తేలేకపోతే వదిలేయాలి. వక్ఫ్‌దైనా, దేవస్థానానిదైనా అది అమానతే. జానెడు నేల అన్యాయంగా ఆక్రమించినవారి గతి గురించి ప్రవక్త (స) చేసిన హెచ్చరిక మనకు తెలియనిదా?

అమ్మేవారికీ ఒక మాట. ఇరువురి సమ్మతితో బేరం రద్దు చేసుకోవడాన్ని షరీఅత్‌లో 'ఇఖాలా' అంటారు. అలా బేరం వెనక్కి తీసుకున్నవారి తప్పులను అల్లాహ్ మన్నిస్తాడని హదీసు సారాంశం. లోపం మీ హక్కులో ఉండగా ఎదుటివాని బయానా మీకెలా హలాల్ అవుతుంది?

"నాయనా! పోయింది రెండేళ్ళే. పిల్లలకు ఇల్లు బదులు కోర్టు వాయిదాలు రాసివ్వకు" అన్నాను.