చెరువు నిండితే సంబరపడేదెవరు, భయపడేదెవరు?

అన్నలారా, తమ్ముళ్లారా, పోస్టు పెద్దగనే ఉన్నది. యాసంగి నాట్లు అయిపోయినయి కదా, కొంచెం తీరిక చేసుకుని చివరిదాకా చదవండి.

మన చెరువుకు కట్టకు ఎదురు ఒడ్డున వస్తున్న విల్లాల వెంచర్ సంగతి అందరికీ తెలుసు. ఫైలు హెచ్ఎండీఏకు పోయింది. ఇరిగేషనోళ్లు, రెవెన్యూవోళ్లు ఎన్ఓసీ ఇయ్యాల్నా వద్దా అని చూస్తున్నరు. పోయిన వారం లెవల్ మిషన్ పట్టుకొచ్చి హద్దురాళ్లు కూడా పాతిండ్రు. ఊర్ల ఏ చాయ్ హోటల్ కాడ కూసున్నా ఒకటే మాట: "ఎఫ్‌టీఎల్ బయటనే ఉన్నదట కదా, ఇగ మనకేంది?"

మనకేందో చెప్తా.

ఎఫ్‌టీఎల్ అంటే చెరువు నిండి మత్తడి దుంకే టైముకు నీళ్లు ఎక్కడిదాకా పరుచుకుంటయో ఆ గీత. అంటే ఆ గీత కాయితం మీద పుట్టేది కాదు, మత్తడి ఎత్తును బట్టి పుట్టేది. మన మత్తడి మీద పైవరుస రాళ్లు ఊడిపోయి ఎన్నేండ్లయింది? వరదకు పోయినయని ఒకరంటరు, ఎవరో పీకిండ్రని ఒకరంటరు. నేను తగువుకు పోను. కానీ సర్వేవోళ్లను దగ్గరుండి అడిగిన: "సార్, ఏ ఎత్తు పట్టుకున్నరు?" "ఇప్పుడున్నదే పట్టుకున్నం" అన్నడు. ఊడిన కాడి నుంచే లెక్క!

ఒక్కడుగే కదా అనుకోకండి. మన చెరువు వెనకాల నేల ఎంత చదునుగ ఉంటదో దున్నినోళ్లకు ఎరుకే. నూరడుగుల పొడుగుకు ఒక్కడుగు వాలున్న నేలల మత్తడి ఒక్కడుగు తగ్గిందంటే నీటి అంచు నూరడుగులు వెనక్కి జరుగుతది. ఒడ్డు పొడుగునా నూరడుగులంటే ఎన్ని ప్లాట్లు? మీరే గుణించుకోండి. ఒక్క గజం కబ్జా పెట్టకుండ చెరువు చిన్నగైపోయింది.

దాని తర్వాత బఫర్ ఉన్నది కదా అంటరు. ఉన్నది. 2012ల వచ్చిన 168 జీవో ప్రకారం పది హెక్టార్లు, అంటే దగ్గరదగ్గర 25 ఎకరాలు, ఆపైన ఉన్న చెరువుకు 30 మీటర్లు, అంతకన్న చిన్నదానికి 9 మీటర్లు వదలాలె. ఈ 30 మీటర్లు కొలిచేది కూడా ఆ జరిగిన గీత నుంచే. ఇంకో తమాషా చూడండి. వదిలిన బఫర్‌ను లేఅవుట్‌ల పార్కు జాగ కింద లెక్క చూపించుకోవచ్చని అదే జీవోల ఉన్నది. అంటే చెరువు కోసం వాళ్లు విడిచిపెట్టిన నేల, వాళ్ల బ్రోచర్‌ల వాకింగ్ ట్రాక్ అయితది.

ఇదంతా కాయితాల లొల్లి. అసలు బాధ ఇండ్లు వచ్చినంక మొదలైతది. ఆ విల్లాలు నిండినంక ఒక పెద్ద వాన పడ్డదనుకోండి. మత్తడి దుంకితే మనం కొబ్బరికాయ కొట్టి, రెండో పంటకు ఢోకా లేదని పండుగ చేసుకుంటం. ఎదురొడ్డున ఉన్నోడు కారు మునుగుతదని ఫోన్లు కొడతడు. ఎవరికి కొడతడు, మన నీరటోనికా? పెద్దసార్లకు కొడతడు. రాత్రికి రాత్రి తూము ఎత్తుతరు, లేకుంటే మత్తడిల ఇంకో వరుస తీస్తరు. వాన వెలిసినంక సగం చెరువే మిగులుతది. రెండో తూము కింద, ఆఖరి మడి నాది. మార్చి నెలల నీళ్లు నా దాకా రావు, ఆ తర్వాత మీ దాకా కూడా రావు. చెరువు నిండుగ ఉండాలె అనేటోడు, ఎప్పుడూ తక్కువ ఉండాలె అనేటోడు ఒకే చెరువు మీద బతికితే ఎవరి మాట చెల్లుతదో చెప్పనక్కర్లేదు.

2020 అక్టోబర్ల హైదరాబాద్‌ల ఏమైందో యాదికి ఉన్నదా? బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్ బాబా నగర్ ఇండ్లల్ల నీళ్లు జొచ్చినయి. 2024ల హైడ్రా వచ్చినంక ఎఫ్‌టీఎల్‌ల కట్టినయి కూలగొట్టుడు మొదలైంది. అక్కడ ఏడ్చినోళ్లు కొనుక్కున్నోళ్లు. ఈ విల్లాల కోసం బ్యాంకు లోను తీసుకునేటోళ్ల మీద నాకేం కోపం లేదు, వాళ్లకూ నిజం తెలియాలె.

ఇగ మన తప్పు మనం ఒప్పుకోవాలె. ఆ భూమిల కొంత శిఖం పట్టా. నీళ్లు తగ్గినప్పుడు పుచ్చకాయో, దోసకాయో వేసుకునే భూమి అది, ఇల్లు కట్టేది కాదు. అప్పుల పాలై అమ్మినోళ్లను నేను ఒక్క మాట అనను. కానీ "మనది కూడా ఎకరం రేటు పెరుగుతది" అని మురిసేటోళ్లను అడుగుతున్న: నీళ్లు రాని ఆయకట్టుకు రేటు పెరిగితే, అది పొలంగనా, ప్లాటుగనా? 2015ల మిషన్ కాకతీయల పూడిక మట్టిని ట్రాక్టర్ల కొద్దీ మన పొలాలకే తోలుకున్నం. ఆ రోజు మన చెరువు అన్నోళ్లమే కదా!

ఇప్పుడు చేసేది ఒక్కటే. ఎన్ఓసీ ఇయ్యకముందే రాతల అభ్యంతరం పెట్టాలె. నోటితోని ఎంత మొత్తుకున్నా ఫైలుకెక్కదు. మత్తడిని పాత ఎత్తుకు కట్టించి, ఆ తర్వాతనే ఎఫ్‌టీఎల్ కొలవాలని రాయాలె. పైచెరువు నుంచి వచ్చే వాగు వెంచర్ నడుమ నుంచి ఎట్ల పోతదో, విల్లాల మురుగు నీళ్లు యాడికి పోతయో మ్యాపుల చూపించాలని అడగాలె. ఊరి నక్షా, 1954-55 కాస్రా పహాణీ నకలు జత చేయాలె. మత్తడి పాత లెవల్ ఎంతో ఇరిగేషన్ ఆఫీసుల సమాచార హక్కు కింద దరఖాస్తు పెడదాం, ఫీజు పది రూపాయలే. చేపల సొసైటీవోళ్లు కూడా సంతకం పెడతమన్నరు.

దరఖాస్తు నేను రాసి పెట్టిన. బుధవారం పొద్దున పది గంటలకు పంచాయతీ ఆఫీసు కాడికి రండి, ఆడికెల్లి మండలానికి పోదాం. ఆయకట్టు కింద భూమున్న ప్రతి ఒక్కరూ పాస్‌బుక్ జిరాక్సు తెచ్చుకోండి. పట్టా అమ్మ పేరునో, భార్య పేరునో ఉంటే వాళ్లనే తీసుకురండి, సంతకం వాళ్లదే కావాలె.